బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) కొలవడానికి ఏ గేజ్ కొనాలి? 50 నుంచి 80 మి.మీ. సిలిండర్లకి సలహా కావాలి

కోనసీమ_ఇంజన్ | సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర చిన్న షెడ్డు. ఎక్కువగా స్ప్లెండర్లు వస్తాయి, అప్పుడప్పుడు ఓ పాత బుల్లెట్. నీళ్లు తోడే సీజన్లో కిర్లోస్కర్ ఏవీ1 ఇంజన్లు వస్తాయి. సిలిండర్ బోరింగ్ (లోపలి గోడని కోసి పెద్దది చేయడం) మా దగ్గర లేదు, టౌనుకి పంపిస్తాం.

ఈ మధ్య ఒక స్ప్లెండర్‌ని 0.25 మి.మీ. ఓవర్‌సైజుకి (అసలు సైజు కంటే అంత పెద్దగా) బోరింగ్ చేయించి బిగించాను. కస్టమర్ రాజమండ్రి వెళ్లి వస్తుంటే దారిలో ఇంజన్ సీజ్ అయింది (పిస్టన్ పట్టేసింది). విప్పి చూస్తే పిస్టన్ స్కర్టు (కింది గోడ) మీద రెండు పక్కలా నిలువు గీతలు. ఆయిల్ బాగానే ఉంది, పంపు పని చేస్తోంది. బోరింగ్ షాపు వాళ్లని అడిగితే 'పిస్టన్‌కి తగ్గట్టే క్లియరెన్స్ (ఖాళీ) పెట్టాం' అన్నారు. పిస్టన్ అమ్మినాయన 'మా సైజులో తేడా ఉండదు' అన్నాడు. ఎవరిది తప్పో చెప్పడానికి నా దగ్గర కొలత లేదు. ఖర్చు నేనే భరించాను, అది వేరే సంగతి. ఇక మీదట సిలిండర్ తిరిగి రాగానే బిగించే ముందు నేనే కొలుచుకోవాలి.

నా దగ్గర డిజిటల్ వెర్నియర్ కాలిపర్, ఫీలర్ గేజులు (సందు కొలిచే సన్నటి రేకులు) ఉన్నాయి. ఓ 12 వేలు పెట్టగలను. డయల్ బోర్ గేజ్ కొనాలా, టెలిస్కోపిక్ గేజులు సరిపోతాయా, లేక మూడు కాళ్ల ఇన్‌సైడ్ మైక్రోమీటర్ మంచిదా? వాడినవాళ్లు చెప్పండి.

నల్గొండ_రైడర్ | సోమవారం, రాత్రి 9:40

అన్నా, వెర్నియర్ ఉంది కదా, డిస్‌ప్లే మీద 0.01 వరకు చూపిస్తది. దాని లోపలి జాలతో (దవడలతో) కొలిస్తే సరిపోదా? 12 వేలు పెట్టాలంటే ఆలోచించు.

టూల్‌రూమ్_పెద్దాయన | సోమవారం, రాత్రి 10:25

సరిపోదు బాబూ. చాలామంది ఇక్కడే పొరపడతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నేను బాలానగర్‌లో ఇన్‌స్పెక్షన్‌లో పని చేసి రిటైర్ అయ్యాను.

డిస్‌ప్లే 0.01 చూపించడం ఒకటి, ఆ అంకె నిజం కావడం ఇంకొకటి. మంచి జపాన్ కంపెనీ 150 మి.మీ. డిజిటల్ వెర్నియర్‌కే తయారీదారు ఇచ్చే హామీ ప్లస్ ఆర్ మైనస్ 0.02. అది కూడా బయటి జాలతో, చెయ్యి తిరిగినవాడు కొలిస్తే. లోపలి జాల అంచు కత్తిలా ఉండదు, సన్నటి చదును ఉంటుంది. గుండ్రటి గోడకి ఆ చదును పూర్తిగా ఆనదు కాబట్టి బోర్ ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. పైగా ఆ జాలు బోర్‌లోకి కొద్దిగానే దిగుతాయి. రింగు తిరిగే చోటంతా మీకు అందదు.

ఇప్పుడు మనం నిర్ణయించాల్సింది ఎంత? చిన్న బైకులో పిస్టన్‌కి, సిలిండర్‌కి మధ్య ఉండాల్సిన ఖాళీ కొన్ని వందో వంతులు మాత్రమే. ఉదాహరణకి 0.03 అనుకోండి. అటు 0.02, ఇటు 0.02 తేడా వచ్చే సాధనంతో 0.03ని తేల్చలేం. సాధనం కొనేటప్పుడు ముందు చూడాల్సింది దాని ధర కాదు, మీరు తేల్చాల్సిన ఖాళీ ఎంత అన్నది. కొలత సాధనం దానికి పదో వంతు నమ్మకంగా ఉంటే హాయి. ఐదో వంతు ఉన్నా షెడ్డులో పని నడుస్తుంది.

డయల్ బోర్ గేజే కొనండి. కానీ దానికంటే ముందు మైక్రోమీటర్ కొనండి. ఎందుకో రేపు రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

ఆటోనగర్_బోరింగ్ | మంగళవారం, ఉదయం 7:05

నేను బెజవాడ ఆటోనగర్‌లో బోరింగ్, హోనింగ్ (రాళ్లతో గోడని సైజుకి రుద్దడం) చేస్తాను. కోనసీమ గారూ, మీ సిలిండర్ చూడలేదు కాబట్టి ఎవరి తప్పో చెప్పను. కానీ ఒకటి అడుగుతాను. సిలిండర్‌తో పాటు పిస్టన్ కూడా పంపారా, లేక '0.25 చెయ్యండి' అని చెప్పి సిలిండర్ ఒక్కటే పంపారా?

చాలామంది మెకానిక్‌లు సిలిండర్ మాత్రమే పంపుతారు. పిస్టన్ పెట్టె మీద 0.25 అని ఉన్నంత మాత్రాన అన్ని పిస్టన్లూ ఒకే కొలత ఉండవు. కంపెనీ మారితే 0.01, 0.02 తేడా మామూలు. అందుకే ముందు పిస్టన్‌ని కొలిచి, దానికి క్లియరెన్స్ కలిపి, ఆ సైజుకి నేను హోనింగ్ ఆపుతాను.

ఇంకో సంగతి. హోనింగ్ రాళ్లు తిరిగి తిరిగి సిలిండర్ వేడెక్కుతుంది. మిషన్ మీంచి తియ్యగానే గేజ్ పెడితే బోర్ పెద్దగా చూపిస్తుంది. చల్లారాక దగ్గర పడుతుంది. పని ఒత్తిడిలో వేడి మీదే కొలిచి 'ఓకే' అనేసే చోట్లు ఉన్నాయి. నేనైతే కిరోసిన్‌తో కడిగి, పక్కన పెట్టి, వేరే సిలిండర్ పని చూసుకుని వచ్చి కొలుస్తాను.

కోనసీమ_ఇంజన్ | మంగళవారం, ఉదయం 7:50

పిస్టన్ కూడా పంపానండి. వేడి సంగతి నాకు తెలియదు. అంత తేడా వస్తుందా?

మెకానికల్_లెక్చరర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

వస్తుంది. లెక్క వేసి చూద్దాం. నేను పాలిటెక్నిక్‌లో మెట్రాలజీ (కొలతల శాస్త్రం) చెబుతాను, పిల్లలతో ఇదే లెక్క చేయిస్తాను.

పోత ఇనుము ఒక డిగ్రీకి, ఒక మీటరుకి దాదాపు 11 మైక్రాన్లు (మైక్రాన్ అంటే 0.001 మి.మీ.) వ్యాకోచిస్తుంది. 50 మి.మీ. బోర్ 20 డిగ్రీలు వేడెక్కితే 50 ఇంటూ 20 ఇంటూ 0.000011, అంటే 0.011 మి.మీ. మీరు 0.03 పెట్టాననుకున్నది చల్లారాక 0.02 దగ్గర నిలుస్తుంది.

దీని కంటే చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. కొలతలకి ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన షెడ్డులో మే నెలలో 40 ఉంటుంది. సిలిండర్, పిస్టన్ రెండూ అదే 40లో ఉన్నాయి కదా, ఇబ్బంది ఏముంది అనుకుంటాం. కానీ పిస్టన్ అల్యూమినియం మిశ్రమం, అది దాదాపు 20 మైక్రాన్ల లెక్కన సాగుతుంది. 20 డిగ్రీల తేడాకి 50 మి.మీ. పిస్టన్ 0.020 పెరిగితే, పోత ఇనుము బోర్ 0.011 పెరుగుతుంది. అంటే ఎండాకాలం మధ్యాహ్నం మీరు కొలిచే క్లియరెన్స్ అసలు దానికంటే దాదాపు 0.01 తక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి అనవసరంగా బోర్ పెంచితే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ టకటకా కొట్టుకుంటుంది.

కాబట్టి ఏ గేజ్ కొన్నా సరే, సిలిండర్, పిస్టన్, మైక్రోమీటర్ మూడింటినీ రాత్రంతా ఒకే బల్ల మీద ఉంచి తెల్లవారగానే కొలవండి. ఎండ తగిలే గుమ్మం దగ్గర పెట్టి మాత్రం కొలవకండి.

టూల్‌రూమ్_పెద్దాయన | మంగళవారం, సాయంత్రం 6:30

మేడమ్ గారు చక్కగా చెప్పారు. ఇక నిన్న ఆపిన చోటు నుంచి.

డయల్ బోర్ గేజ్ తనంతట తాను 'ఇది 50.27' అని చెప్పలేదు. మీరు ఒక కొలత దగ్గర సున్నా పెడితే దానికి ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది మాత్రమే చెబుతుంది. ఆ సున్నా ఎక్కడి నుంచి వస్తుంది? రింగ్ గేజ్ (కచ్చితమైన రంధ్రం ఉన్న ఉంగరం) నుంచో, గేజ్ బ్లాకుల (కచ్చితమైన మందం ఉన్న దిమ్మెల) నుంచో, మైక్రోమీటర్ నుంచో రావాలి. మీ షెడ్డులో రింగ్ గేజులు కొనలేరు, ప్రతి ఓవర్‌సైజుకీ ఒకటి కావాలి. అందుకని మైక్రోమీటరే దిక్కు.

ఇక్కడే ఒక మంచి సదుపాయం ఉంది. ఏ మైక్రోమీటర్‌తో పిస్టన్‌ని కొలిచారో అదే మైక్రోమీటర్‌లో బోర్ గేజ్‌కి సున్నా పెట్టండి. పిస్టన్‌ని స్కర్టు దగ్గర, పిస్టన్ పిన్నుకి అడ్డంగా, మాన్యువల్ చెప్పిన ఎత్తులో కొలవండి. రాచెట్ (చివరి నాబ్) రెండు మూడు సార్లు టిక్కుమన్నాక లాక్ బిగించండి. పిస్టన్‌ని తీసేసి, మైక్రోమీటర్‌ని స్టాండులో పట్టించి, ఆ రెండు ముఖాల మధ్య బోర్ గేజ్ పెట్టి డయల్‌ని సున్నాకి తిప్పండి. ఇప్పుడు గేజ్‌ని సిలిండర్‌లోకి దింపితే ముల్లు చూపించేది నేరుగా క్లియరెన్స్. కూడికలు, తీసివేతలు అక్కర్లేదు. మీ మైక్రోమీటర్‌లో 0.005 సున్నా దోషం ఉన్నా అది పిస్టన్‌కీ, బోర్‌కీ ఒకేలా పడుతుంది కాబట్టి రద్దయిపోతుంది. మనకి కావాల్సింది తేడా కదా.

అందుకే అంటాను, డబ్బు మైక్రోమీటర్ మీద పెట్టండి. బోర్ గేజ్ ఓ మాదిరిది అయినా ఫరవాలేదు. అది సున్నాకి అటూ ఇటూ నాలుగైదు గీతలు నడిస్తే చాలు, ఆ కొద్ది దూరంలో చవక డయల్ కూడా పెద్దగా తప్పదు. మైక్రోమీటర్ స్క్రూ మాత్రం బాగుండాలి. పిచ్ 0.5 మి.మీ., తింబుల్ (తిప్పే గొట్టం) మీద 50 గీతలు, ఒక్కో గీత 0.01. గీతకీ గీతకీ మధ్య సగాన్ని కంటితో పట్టుకోవచ్చు. స్లీవ్ మీద వెర్నియర్ గీతలు ఉన్నది దొరికితే 0.001 వరకు చదవొచ్చు.

మిషిగన్_గ్యారేజ్ | మంగళవారం, రాత్రి 11:48

ఇక్కడ నేను మా ఇంటి గ్యారేజీలో పాత కార్ల ఇంజన్లు కడుతుంటాను. టెలిస్కోపిక్ గేజుల్ని పెద్దాయన గారు ప్రస్తావించలేదు కాబట్టి అడుగుతున్నా. ఇక్కడ చాలామంది హాబీగా చేసేవాళ్లు వాటితోనే నెట్టుకొస్తారు. టీ ఆకారంలో ఉండే ఆ గేజ్‌ని బోర్‌లో వాలుగా పెట్టి, నాబ్‌ని లైట్‌గా బిగించి, ఒక్కసారి నిటారుగా ఊపి బయటికి తీసి మైక్రోమీటర్‌తో కొలిస్తే అయిపోతుంది. ధర చాలా తక్కువ, సెట్టంతా కలిపి 8 నుంచి 150 మి.మీ. వరకు కొలుస్తుంది. చేతికి అలవాటైతే 0.01లో వస్తుంది.

టూల్‌రూమ్_పెద్దాయన | బుధవారం, ఉదయం 6:20

చేతికి అలవాటైతే అన్నారు చూశారా, చిక్కంతా అక్కడే. నాబ్ ఎంత బిగించాలి, బయటికి తీసేటప్పుడు గోడకి ఎంత రాసుకుంది, మైక్రోమీటర్ ఎంత నొక్కింది, ఈ మూడు చోట్లా మనిషి వేలే ఆధారం. ఒకే బోర్‌ని ఉదయం, సాయంత్రం కొలిచి చూడండి, ఎంత తేడా వస్తుందో. వాల్వ్ సీటు రంధ్రం, పిన్ను రంధ్రం లాంటి చిన్నవాటికి అవి మంచివే. బోర్ గేజ్ పట్టని చోట వాడుకోవచ్చు. సీజ్ అయిన ఇంజన్ కేసులో మూడో మనిషి ముందు పెట్టి 'ఇదిగో కొలత' అనడానికి మాత్రం పనికిరావు. డయల్ ముల్లు మీద మీరు, బోరింగ్ షాపాయన, కస్టమర్ ముగ్గురూ ఒకే అంకె చూస్తారు.

ఆటోనగర్_బోరింగ్ | బుధవారం, ఉదయం 7:30

నేనూ అదే అంటాను. మా దగ్గరికి గేజ్ పట్టుకుని వచ్చి పక్కనే నిలబడి కొలుచుకునే మెకానిక్‌లంటే నాకు గౌరవం. మాటల్లేవు, తగువుల్లేవు.

మూడు కాళ్ల ఇన్‌సైడ్ మైక్రోమీటర్ గురించి అడిగారు కదా. కొత్త బోర్‌కి, బుష్‌కి అది బాగుంటుంది, తనంతట తానే మధ్యలో నిలబడుతుంది. కానీ అరిగిన సిలిండర్ గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఓవల్ అవుతుంది. పిస్టన్ తోసే దిక్కున ఎక్కువ అరుగుతుంది, పిన్ను దిక్కున తక్కువ. మూడు కాళ్లదానికి ఆ ఓవల్ సరిగా దొరకదు. రెండు పాయింట్ల డయల్ గేజ్ అయితే తిప్పుతుంటే ముల్లే చెబుతుంది.

వరంగల్_బుల్లెట్ | బుధవారం, ఉదయం 10:15

మంచి చర్చ నడుస్తున్నది. నాదొక డౌట్. డయల్ 0.01ది కొనాలా, 0.001దా? ఆన్‌లైన్‌లో రెండూ ఉన్నయి, ధరలో చాలా తేడా ఉంది. ఇంకా డిజిటల్ డయల్ ఉన్నవి కూడా చూసిన. నాది పాత 346 సీసీ బుల్లెట్, బోర్ 70, స్ట్రోక్ 90.

మిషిగన్_గ్యారేజ్ | బుధవారం, సాయంత్రం 7:05

0.001దే కొనమంటాను. క్లియరెన్స్ పరిధే 0.02, 0.03 ఉన్నప్పుడు 0.01 గీతలతో మీకు దొరికేవి రెండు మూడు గీతలు. అందులో అరగీత అటూ ఇటూ అయితే నిర్ణయం మారిపోతుంది.

టూల్‌రూమ్_పెద్దాయన | బుధవారం, రాత్రి 8:40

ఏసీ గదిలో అయితే మీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. షెడ్డులో 0.001 డయల్ ముల్లు చేతి వేడికే కదులుతుంది. సిలిండర్ గోడ మీద హోనింగ్ గీతల ఎత్తుపల్లాలే దాన్ని ఆడిస్తాయి. అది చూసి కుర్రాడికి టెన్షన్ తప్ప లాభం లేదు. 0.01 డయల్‌లో గీతకీ గీతకీ మధ్య ఖాళీ బాగా ఉంటుంది, సగం వరకు నమ్మకంగా చదవొచ్చు. అంటే 0.005. షెడ్డులో ఆపైన వచ్చేది ముల్లు ఆటే. మిగిలిన డబ్బు మైక్రోమీటర్‌కి వెళ్లాలి.

డిజిటల్ మాత్రం వద్దు. బోర్ గేజ్‌ని ఎలా వాడతామంటే, లోపల పెట్టి ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపుతాం. ముల్లు ఒక పక్కకి వెళ్లి, ఒక చోట ఆగి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ తిరుగు చోటే అసలు కొలత, బోర్ అక్కడే అతి తక్కువగా కనిపిస్తుంది. ముల్లు అయితే తిరుగు చోటు కంటికి తెలుస్తుంది. అంకెలు గబగబా మారుతుంటే ఎక్కడ తిరిగిందో పట్టుకోవడం కష్టం. కనిష్ఠాన్ని పట్టి ఉంచే సౌకర్యం ఉన్న డిజిటల్ ఖరీదు మన బడ్జెట్‌కి అందదు.

ఒకటి గుర్తుంచుకోండి. గేజ్ కాంటాక్టు పిన్ను నొక్కుకున్నకొద్దీ ముల్లు గడియారం దిక్కున తిరుగుతుంది. అంటే ముల్లు సున్నా దాటి కుడికి వెళ్తే బోర్ చిన్నది, ఎడమకి ఆగితే పెద్దది. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి చదువుతారు. గేజ్ చేతికి రాగానే కాంటాక్టుని వేలితో నొక్కి ముల్లు ఎటు పోతోందో చూసి పెట్టె మూత లోపల రాసుకోండి.

కోనసీమ_ఇంజన్ | బుధవారం, రాత్రి 9:30

చాలా థాంక్సండి అందరికీ. మరి ఏ సైజులు తీసుకోవాలి? బోర్ గేజ్ 50-150 ఒకటి, మైక్రోమీటర్ 50-75 ఒకటి తీసుకుంటే నా పని మొత్తం అయిపోతుంది కదా?

మెకానికల్_లెక్చరర్ | గురువారం, మధ్యాహ్నం 12:50

అవ్వదండి, కొనేముందు అడగడం మంచిదైంది. మీ ఇంజన్లనే తీసుకుందాం.

స్ప్లెండర్ 97.2 సీసీ బోర్ సరిగ్గా 50.0. స్టాండర్డ్ పిస్టన్ 50కి కాస్త లోపు ఉంటుంది, అది 25-50 మైక్రోమీటర్‌లో పడుతుంది. 0.25 ఓవర్‌సైజు అయితే 50 దాటుతుంది, 50-75 కావాలి. అంటే ఒకే బండికి రెండు మైక్రోమీటర్లు. బోర్ గేజ్ సంగతీ అంతే. 50-150 దాని కింది అంచు దగ్గర 50 కొలవాలంటే చిన్న ఆన్విల్ (మార్చుకునే కొలత మొన) పెట్టినా బిగుతుగా ఉంటుంది, లోపలికి వంచి దింపడం కష్టం. స్ప్లెండర్లు ఎక్కువైతే 35-60 గేజే హాయి. బుల్లెట్ 70కి, కిర్లోస్కర్ ఏవీ1 బోర్ 80కి 50-150 కావాలి. 80 పిస్టన్‌కి 75-100 మైక్రోమీటర్ కూడా.

మీకు నెలలో ఎక్కువగా వచ్చేది ఏదో దానితో మొదలుపెట్టండి. స్ప్లెండర్లే అయితే 35-60 బోర్ గేజ్, 50-75 మైక్రోమీటర్. మీరు కొలవాల్సింది రీబోరింగ్ అయినవే కాబట్టి ఓవర్‌సైజులన్నీ అందులో వస్తాయి. 25-50ది తర్వాత చూసుకోవచ్చు.

ఆటోనగర్_బోరింగ్ | గురువారం, రాత్రి 8:15

కంపెనీల విషయం. మిటుటోయో అందరికీ తెలిసిందే, దొరికితే మైక్రోమీటర్ అదే తీసుకోండి. పుణె వాళ్ల బేకర్ కూడా నేను వాడాను, బాగుంది. బోర్ గేజ్‌కి ఇన్‌సైజ్ లాంటివి మన పనికి సరిపోతాయి. పేరున్న బ్రాండ్‌కి ఆన్‌లైన్‌లో నకిలీలు తిరుగుతున్నాయి, మరీ చవకగా కనిపిస్తే అనుమానించండి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే రాణిగంజ్‌లో టూల్ షాపులున్నాయి, చేత్తో పట్టుకుని తిప్పి చూసి కొనొచ్చు. బిల్లు తీసుకోండి.

తిప్పి చూడటమంటే, తింబుల్ మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువుతో తిరగాలి. మధ్యలో ఎక్కడా పట్టెయ్యకూడదు, వదులవకూడదు. 50-75తో పాటు 50 మి.మీ. సెట్టింగ్ రాడ్ వస్తుంది, దాన్ని మధ్యలో పెట్టి సున్నా చూడండి. అది లేకుండా సెకండ్ హ్యాండ్ మైక్రోమీటర్ కొనకండి.

నూజివీడు_ట్రాక్టర్ | గురువారం, రాత్రి 10:02

ఆలస్యంగా చూశాను. బాబూ, గేజ్ వచ్చేలోపు మీ దగ్గరున్న ఫీలర్ గేజ్‌తోనే ఒక పని చెయ్యొచ్చు. ట్రాక్టర్ల మీద మేము ఎప్పటి నుంచో చేస్తున్నాం.

కొత్త రింగు ఒకటి తీసుకుని సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో తోసి సమంగా నిలబెట్టండి. రింగు చివరల మధ్య ఖాళీని ఫీలర్‌తో కొలవండి. ముందు అడుగున, రింగులు అరగని చోట. తర్వాత పైన, అరుగుదల ఎక్కువగా ఉండే చోట. రెండు ఖాళీల తేడాని 3.14తో భాగిస్తే బోర్ ఎంత సాగిందో వస్తుంది. అడుగున 0.30, పైన 0.46 వచ్చిందనుకోండి. తేడా 0.16, భాగిస్తే 0.05. అంటే పైన బోర్ 0.05 పెద్దది. చుట్టుకొలత తేడా వ్యాసం తేడాకి మూడు రెట్లు పైన ఉంటుంది కాబట్టి ఫీలర్ లాంటి మోటు సాధనం కూడా ఇక్కడ సన్నటి కొలత ఇస్తుంది.

ఓవల్ సంగతి ఇందులో తెలియదు. పిస్టన్ క్లియరెన్స్ కూడా తెలియదు. బోరింగ్‌కి పంపాలా వద్దా తేల్చుకోవడానికి మాత్రం చాలు.

టూల్‌రూమ్_పెద్దాయన | శుక్రవారం, ఉదయం 6:10

నూజివీడు గారు చెప్పినది బంగారం లాంటి పద్ధతి. రింగు అడ్డంగా వంగకుండా చూసుకోవాలి, అంతే.

కోనసీమ_ఇంజన్ | శనివారం, మధ్యాహ్నం 3:20

35-60 బోర్ గేజ్, 50-75 మైక్రోమీటర్ తీసుకున్నానండి. బడ్జెట్‌లోనే అయింది. మైక్రోమీటర్ ముఖాల మధ్య బోర్ గేజ్ పెట్టడం చేత కావట్లేదు. గేజ్ పక్కన ఉండే గైడు ప్లేటు మైక్రోమీటర్ ముఖాల బయటికి వచ్చేస్తోంది, జారిపోతోంది. ముల్లు ప్రతిసారీ వేరే చోట ఆగుతోంది.

టూల్‌రూమ్_పెద్దాయన | శనివారం, సాయంత్రం 5:45

మైక్రోమీటర్ ముఖం చిన్నది, గైడు ప్లేటు వెడల్పు. కాబట్టి గైడు ఆనదు, అందరికీ అదే ఇబ్బంది. గైడుని వదిలేసి రెండు కాంటాక్టులు మాత్రమే ముఖాల మధ్యలో ఉండేలా పట్టుకోండి. బోర్‌లో ఒక్క దిక్కున ఊపితే చాలు, ఇక్కడ రెండు దిక్కులా ఊపాలి. ముందుకీ వెనక్కీ ఊపి తిరుగు చోటు పట్టుకుని, అక్కడ నిలిపి పక్కలకి ఊపండి. రెండింటిలోనూ ముల్లు అతి కుడికి వెళ్లిన చోట సున్నా పెట్టండి.

మైక్రోమీటర్‌ని చేత్తో పట్టుకోవద్దు. దాని ఫ్రేముని వైస్‌లో మెత్తటి గుడ్డ వేసి లైట్‌గా పట్టించండి. గట్టిగా బిగిస్తే ఫ్రేమే వంగుతుంది. రెండు ముఖాలనీ శుభ్రమైన తెల్ల కాగితంతో తుడవండి. జిడ్డు, నూలు పోగులు దానితో వచ్చేస్తాయి.

ఆ తర్వాత పది సార్లు సున్నాకి తెచ్చి చూడండి. పదిసార్లూ అరగీతలోపు వస్తే మీ చెయ్యి కుదిరినట్టే. రాకపోతే గేజ్‌లో ఆన్విల్ బిగుతు, డయల్ పట్టుకునే స్క్రూ చూడండి. కొత్త గేజుల్లో ఆ స్క్రూ చాలాసార్లు వదులుగా ఉంటుంది.

కోనసీమ_ఇంజన్ | ఆదివారం, ఉదయం 8:35

డయల్ స్క్రూయే వదులుగా ఉందండి. బిగించాక ముల్లు నిలబడింది. రాత్రి బల్ల మీద పెట్టి ఇందాక కొలిచాను. సీజ్ అయిన సిలిండర్ కాదు, కొత్తగా బోరింగ్ అయి వచ్చినది, 0.50 ఓవర్‌సైజు. పైన, మధ్యలో, అడుగున, రెండు దిక్కులా కొలిస్తే ఐదు చోట్ల 0.030 దగ్గర ఉంది. అడుగున పిన్ను దిక్కున మాత్రం 0.015 చూపిస్తోంది. రెండు సార్లు సున్నా సరిచూసుకుని మళ్లీ కొలిచాను, అదే వచ్చింది. బిగించెయ్యొచ్చా?

ఆటోనగర్_బోరింగ్ | ఆదివారం, ఉదయం 9:10

బిగించకండి. అడుగున హోన్ రాయి తగినంత బయటికి రాకుండా వెనక్కి తిరిగితే అక్కడ ఇరుకు మిగులుతుంది. సిలిండర్, పిస్టన్, గేజ్ మూడూ పట్టుకుని బోరింగ్ చేసిన షాపుకే వెళ్లండి. గొడవ పడక్కర్లేదు, వాళ్ల ముందు వాళ్ల గేజ్‌తో అదే చోట కొలవమనండి. రెండు గేజులూ ఒకే మాట చెబితే ఎవరైనా రెండు నిమిషాలు హోన్ తిప్పి ఇస్తారు.

వరంగల్_బుల్లెట్ | ఆదివారం, ఉదయం 11:25

ఇదే గేజ్‌తో క్రాంక్ వంకర కూడా చూడొచ్చా పెద్దాయనా? నా బుల్లెట్‌ది చూడాలె.

టూల్‌రూమ్_పెద్దాయన | ఆదివారం, రాత్రి 8:00

బోర్ గేజ్‌తో కాదు, దాని మీదున్న డయల్‌ని విప్పి మ్యాగ్నెట్ స్టాండుకి పెట్టుకుంటే పని అవుతుంది. క్రాంక్‌ని రెండు వీ-బ్లాకుల మీద పెట్టి, డయల్ పిన్ను షాఫ్టుకి నిటారుగా ఉండేలా పట్టించి, మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు అతి తక్కువకీ అతి ఎక్కువకీ ఉన్న తేడా రనౌట్. షాఫ్టు అక్షం నుంచి తప్పిన దూరం అందులో సగం. మాన్యువల్లో ఇచ్చినది ఏ లెక్కలో ఉందో చూసుకోండి. డయల్ పిన్ను వాలుగా పెడితే తేడా అసలుకంటే ఎక్కువ చూపిస్తుంది.

గోదావరి జిల్లాల వాళ్లకి ఒక మాట. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పని అయ్యాక మైక్రోమీటర్ ముఖాలని తుడిచి, పల్చగా నూనె రాసి, రెండు ముఖాల మధ్య కాస్త ఖాళీ వదిలి పెట్టెలో పెట్టండి. బిగించి మూసిపెడితే తుప్పు అక్కడే మొదలవుతుంది. ఏడాదికోసారి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో కాలిబ్రేషన్ చేయించుకోండి.

కోనసీమ_ఇంజన్ | సోమవారం, సాయంత్రం 6:50

షాపుకి వెళ్లొచ్చానండి. వాళ్ల గేజ్‌లోనూ అదే చోట ఇరుకు కనిపించింది. ఆయనే హోన్ ఎక్కించి సరిచేశాడు, డబ్బులు తీసుకోలేదు. రేపు తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు మళ్లీ కొలిచి బిగిస్తాను. వచ్చే సీజన్‌కి కిర్లోస్కర్‌ల కోసం 75-100 మైక్రోమీటర్, 50-150 గేజ్ చూస్తున్నాను. ఎవరి దగ్గరైనా సెట్టింగ్ రాడ్‌తో సహా మంచి సెకండ్ హ్యాండ్‌ది ఉంటే చెప్పండి.